రక్తనాళాల వైకల్యం వంశంలోనే ఉందా? ఇంట్లో అడగవలసిన ప్రశ్నల నుంచి జన్యుపరీక్ష దాకా ఎలా వెళ్లాలి

స్కాన్‌లో ఊపిరితిత్తిలోనో మెదడులోనో ఏవీఎం (ధమని నేరుగా సిరతో కలిసిపోయిన రక్తనాళాల వైకల్యం) కనిపించిందని చెప్పిన వెంటనే డాక్టరు అడిగే ప్రశ్న, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. దానికి మనం చెప్పే జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: లేదండీ, మా వంశంలో ఎవరికీ లేదు. ఆ జవాబు చెప్పేవారు అబద్ధమాడటం లేదు. తాతగారికి నెలలో నాలుగైదుసార్లు ముక్కులోంచి రక్తం కారేదని ఇంట్లో అందరికీ తెలుసు, కాని దానికి ఇంట్లో పెట్టుకున్న పేరు 'వేడి చేయడం'. మేనత్త నలభై ఏళ్లు నిండకుండానే పక్షవాతంతో పోయిందనీ తెలుసు, దానికి పెట్టుకున్న పేరు 'బీపీ'. ఆ రెండూ ఒకే జబ్బు ఇద్దరిలో రెండు చోట్ల బయటపడటమేమో అన్న అనుమానం ఎవరికీ రాలేదు, అంతే. అందువల్ల జన్యుపరీక్షకు రక్తం ఇవ్వడం కన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది, దానికి ఒక పెద్ద కాగితం, పెన్సిలు, ఓపిక ఉన్న ఒక సాయంత్రం చాలు. ఆ పని దగ్గర మొదలుపెట్టి, పరీక్ష ఎవరికి ముందు చేయించాలి, ఫలితాన్ని ఎలా చదవాలి, తర్వాత ఎవరెవరికి చెప్పాలి అన్న వరుసలో ఇక్కడ వివరిస్తున్నాను. చికిత్స నిర్ణయాలు మాత్రం మిమ్మల్ని చూస్తున్న వైద్యులవే.

మొదటి మెట్టు: అది వంశపారంపర్యమైన రకమేనా అని ఆలోచించండి

గుండె నుంచి వచ్చే రక్తం ధమనుల్లోంచి సన్నని కేశనాళికల వలలోకి దిగి, అక్కడ వేగం తగ్గి, ఆ తర్వాత సిరల్లోకి చేరుతుంది. ఏవీఎం ఉన్నచోట ఆ వల ఉండదు. పెద్ద కాలువ నీరు పిల్లకాలువల గుండా మడుల్లో ఇంకకుండా గట్టు తెగి నేరుగా మురుగుకాలువలో పడ్డట్టు, ధమనిలోని రక్తం అదే ఒత్తిడితో సిరలోకి దూకుతుంది. సిర గోడ ఆ ఒత్తిడికి తట్టుకునేటట్టు తయారైనది కాదు కనుక ఉబ్బుతుంది, ఒక్కోసారి చిట్లుతుంది.

ఇలాంటి వైకల్యాల్లో ఎక్కువ భాగం తల్లిదండ్రుల నుంచి వచ్చేవి కావన్న సంగతి మొదటే గట్టిగా చెప్పాలి. పిల్లల ముఖంలో ఒక పక్కన ద్రాక్షరసం రంగులో ఉండే పెద్ద మచ్చకు జీఎన్‌ఏక్యూ అనే జన్యువులో మార్పు కారణమని 2013లో తేలింది. మెదడులో ఒంటరిగా ఉండే ఏవీఎంలలో చాలావాటిలో కేరాస్ అనే జన్యువులో మార్పు ఉందని 2018లో బయటపడింది. ఒక కాలో చెయ్యో లావుగా పెరిగి, దాని మీద ఉబ్బు సిరలు కనిపించే జబ్బుల్లో సాధారణంగా పీఐకే3సీఏ జన్యువు చెడి ఉంటుంది. ఈ మార్పులు అండం ఫలదీకరణ చెందిన తర్వాత, పిండం పెరుగుతుండగా ఏదో ఒక కణంలో తలెత్తి, ఆ కణం నుంచి పుట్టిన భాగంలోనే మిగిలిపోతాయి. దీన్నే మొజాయిక్ అంటారు. తర్వాతి కాన్పులో పుట్టే బిడ్డకు ఇది వస్తుందేమోనన్న భయానికి ఇక్కడ ఆధారం లేదు. గ్రహణం రోజున తల్లి కత్తి పట్టుకోవడం వల్ల వచ్చిందన్న మాట ఇప్పటికీ కొన్ని ఇళ్లలో వినిపిస్తుంది, అది విని కన్నీళ్లు పెట్టుకునే తల్లులు ఉన్నారు కనుకనే ఈ పేరా ఇంత పొడుగు రాశాను.

వంశపారంపర్యం అని అనుమానించవలసిన సందర్భాలు వేరు. ఒకే మనిషిలో ఒకటి కాక అనేక చోట్ల వైకల్యాలు ఉండటం, ఊపిరితిత్తిలో ఏవీఎం కనబడటం, ముక్కు నుంచి తరచు రక్తం కారడంతో పాటు పెదవుల మీద ఎర్రని చుక్కలు ఉండటం, లేదా ఇద్దరు దగ్గరి రక్తసంబంధీకులకు మెదడులో రక్తస్రావమో ఫిట్సో వచ్చి ఉండటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రెండో మెట్టుకు వెళ్లండి.

రెండో మెట్టు: వంశపటం గీయండి

మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, పోయినవారి గుర్తు మీద అడ్డంగా ఒక గీత, జబ్బు ఉన్నవారి గుర్తును నల్లగా నింపడం: ప్రపంచమంతటా డాక్టర్లు వాడే పద్ధతి ఇదే. కనీసం మూడు తరాలు, తండ్రివైపూ తల్లివైపూ రెండూ గీయాలి. మేనరికమో మరో దగ్గరి సంబంధమో అయిన దంపతుల మధ్య ఒక గీత బదులు జంటగీత గీస్తారు. మన కుటుంబాల్లో ఆ జంటగీతలు చాలానే ఉంటాయి, వాటిని దాచకుండా గీయండి. ఇక్కడ చెప్పుకుంటున్న జబ్బులు మేనరికం వల్ల వచ్చేవి కావు, ఎందుకంటే వీటికి తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి జన్యువు చెడిన ప్రతి (నకలు) వస్తే చాలు. కాని జబ్బు ఉన్న వంశంలోనే వధూవరులు ఇద్దరూ పుట్టినప్పుడు ఇద్దరూ అదే మార్పును మోస్తూ ఉండే అవకాశం ఉంటుంది, అలాంటి పెళ్లికి ముందు కౌన్సెలింగ్ తప్పనిసరి.

పెద్దవాళ్లను అడిగే తీరులోనే అసలు నేర్పు ఉంది. మన ఇంట్లో రక్తనాళాల జబ్బు ఎవరికైనా ఉందా అని అడిగితే లేదనే వస్తుంది. మా ఇంట్లో ఈ కాగితం గీసినప్పుడు నేను కూడా మొదట అలాగే అడిగి ఖాళీ చేతులతో లేచాను. మర్నాడు అమ్మమ్మ పక్కన కూర్చుని, ఎవరి తలగడ మీద రక్తపు మరకలు ఉండేవి అని అడిగాను. ఆవిడ ఆలోచించకుండానే మా పెదతాతగారి పేరు చెప్పింది. ఆయన భుజం మీద ఎప్పుడూ ముదురు ఎరుపు తువ్వాలే ఉండేదట, తెల్లది వేసుకుంటే మరకలు పోయేవి కావట. ఆ ఒక్క తువ్వాలు నుంచి మాకు తొమ్మిది గుర్తులు నిండాయి. కాబట్టి ఈ ప్రశ్నలు అడగండి: ఎవరికి ముక్కు అదేపనిగా కారేది? ఎవరికి రక్తం తక్కువగా ఉందని మాటిమాటికి ఐరన్ మాత్రలో రక్తం సీసాలో ఎక్కించేవారు? యాభైలోపే పక్షవాతం ఎవరికి వచ్చింది? మెదడులో చీముగడ్డకు ఆపరేషన్ ఎవరికి జరిగింది? గర్భిణిగా ఉండగా దగ్గులో రక్తం పడి ఎవరైనా పోయారా? మెట్లెక్కితే గోళ్లు, పెదవులు నీలం తిరిగేది ఎవరికి? ఫిట్స్ ఎవరికి వచ్చేవి? ప్రతి సంఘటన పక్కనా అప్పటికి వారి వయసు, ఉజ్జాయింపుగానైనా, రాయండి. వయసు లేని పటం సగం పటమే.

మూడో మెట్టు: కంటికి కనిపించే గుర్తులు చూడండి

పగటి వెలుతురులో పెదవులు, నాలుక, అంగిలి, వేళ్ల కొసలు, చెవి తమ్మెలు పరిశీలించండి. గుండుసూది తల నుంచి మిరియపు గింజ వరకు ఉండే ఎర్రని చుక్క మీద పలుచటి గాజుగ్లాసు అంచు ఆనించి మెల్లగా నొక్కితే అది పాలిపోతుంది, తీయగానే మళ్లీ ఎర్రబడుతుంది. ఇది టెలాంజియెక్టేసియా, అంటే ఉబ్బిన కేశనాళిక. వయసు మీరినవారి పొట్ట, వీపు మీద వచ్చే ఎర్రని గుండ్రని పులిపిరి లాంటి బొడిపెలు వీటిలోకి రావు, వాటిని చూసి కంగారు పడకండి. హెచ్.హెచ్.టి. అని పిలిచే వంశపారంపర్య రక్తస్రావ జబ్బుకు ఈ చుక్కలే ముఖ్యమైన గుర్తు. 1896లో రాండూ, 1901లో ఆస్లర్, 1907లో వెబర్ అనే వైద్యులు దీన్ని వర్ణించారు కాబట్టి పాత పుస్తకాల్లో ముగ్గురి పేర్లూ కలిపి కనిపిస్తుంది. దాదాపు 5,000 మందిలో ఒకరికి ఉండే జబ్బు ఇది, అనుకున్నంత అరుదు కాదు.

చుక్కలు కాక చర్మం మీద చిన్నచిన్న గులాబీ మచ్చలు అనేకం ఉండి, కొన్నింటి చుట్టూ పాలిపోయిన వలయం కనిపిస్తే అది రాసా1 గాని ఈపీహెచ్‌బీ4 గాని చెడినందువల్ల వచ్చే జబ్బు కావచ్చు. ఆ మచ్చలు నిరపాయమే, కాని అలాంటి కుటుంబాల్లో కొందరికి మెదడులోనో వెన్నులోనో వేగంగా రక్తం పారే వైకల్యం ఉంటుంది కనుక స్కాన్ అవసరమవుతుంది. నీలిరంగులో మెత్తగా ఉండి, నొక్కితే అణిగే బుడిపెలు చర్మం మీదా నోట్లోనూ తరతరాలుగా వస్తుంటే టీఈకే జన్యువును, నీలం ఊదా కలిసిన రంగులో గులకరాళ్లు పేర్చినట్టుండి నొక్కితే నొప్పి పుట్టే బుడిపెలైతే గ్లోమ్యులిన్ జన్యువును పరీక్షిస్తారు. వీటన్నిటినీ పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసి పెట్టుకోండి.

చర్మం మీద ఏమీ లేకుండా మెదడులో మాత్రమే ఉండే వంశపారంపర్య జబ్బు కూడా ఉంది, దాన్ని కేవర్నోమా అంటారు. క్రిట్1, సీసీఎం2, పీడీసీడీ10 అనే మూడు జన్యువుల్లో ఏదో ఒకటి చెడి, మెదడులో మల్బరీ పండు ఆకారంలో అనేక గుత్తులు ఏర్పడతాయి, వయసుతో వాటి సంఖ్య పెరుగుతుంది. మామూలు సీటీ స్కాన్‌లో ఇవి తప్పిపోతాయి. ఎమ్మారై చేయించేటప్పుడు పాత రక్తపు మరకలను పట్టే ఎస్‌డబ్ల్యూఐ అనే వరుస కూడా తీయమని డాక్టరు చీటీలో రాయించుకోండి.

నాలుగో మెట్టు: లెక్క వేయండి

హెచ్.హెచ్.టి.కి 2000లో ప్రకటించిన కురసావ్ ప్రమాణాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అవి నాలుగు: ఏ దెబ్బా తగలకుండా ముక్కు నుంచి పదేపదే రక్తం కారడం, నియత ప్రదేశాల్లో అనేక ఎర్రచుక్కలు, ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు, జీర్ణాశయం వంటి లోపలి అవయవాల్లో వైకల్యం, తల్లి, తండ్రి, తోబుట్టువు, బిడ్డ వీరిలో ఒకరికి ఈ జబ్బు ఉండటం. మూడు గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే జబ్బు ఖాయం, రెండుంటే అనుమానం, అంతకన్నా తక్కువైతే ఉండే అవకాశం తక్కువ. చిన్నపిల్లల విషయంలో మాత్రం ఈ లెక్క పనిచేయదు. ముక్కు నుంచి రక్తం కారడం బాల్యంలోనో టీనేజీలోనో మొదలవుతుంది, చుక్కలు చాలామందికి 20, 30 ఏళ్లు దాటాక గాని రావు. కనుక ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఒక్క గుర్తూ లేదని జబ్బు లేదనుకోవడం పొరపాటు.

అయిదో మెట్టు: పరీక్ష ముందు ఎవరికి?

ఎక్కువ కుటుంబాలు తప్పటడుగు వేసేది ఇక్కడే. జబ్బు లేని కొడుకు భయపడి తానే ముందు పరీక్ష చేయించుకుంటాడు, ఏమీ లేదని వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కాని ఆ కుటుంబంలో ఏ జన్యువులో ఏ అక్షరం చెడిందో తెలియకుండా వచ్చిన 'లేదు' అనే ఫలితానికి విలువ తక్కువ. జబ్బు స్పష్టంగా ఉన్న మనిషికే, వయసు ఎంతైనా సరే, మొదటి పరీక్ష జరగాలి. ఆ ముసలాయనకు ఇప్పుడు పరీక్షలెందుకు అనకండి, ఆయన రక్తమే మనవల తాళంచెవి.

మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉన్న ఆస్పత్రికి వెళ్లి ముందు కౌన్సెలింగ్ తీసుకోండి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో అలాంటి విభాగం ఉంది, సీడీఎఫ్‌డీలో జన్యునిర్ధారణ పరీక్షలు చేస్తారు. పటం, ఫోటోలు, స్కాన్ ఫిల్ములు, పాత హిమోగ్లోబిన్ రిపోర్టులు ఒకే ఫైలులో పట్టుకెళ్లండి. ఊదారంగు మూత ఉన్న గొట్టంలో కొద్ది మిల్లీలీటర్ల రక్తం తీసుకుంటారు, ఫలితానికి వారాలు పడుతుంది. హెచ్.హెచ్.టి. అనుమానమైతే ఈఎన్‌జీ, ఏసీవీఆర్‌ఎల్1, స్మాడ్4 అనే జన్యువులు మూడూ ప్యానెల్‌లో, అంటే ఒకేసారి పరీక్షించే జన్యువుల జాబితాలో, ఉన్నాయా అని చూడండి. జన్యువులో అక్షరదోషాలే కాక కొన్నిసార్లు ఒక ముక్కకు ముక్కే ఎగిరిపోతుంది, దాన్ని పట్టే ఎంఎల్‌పీఏ వంటి పద్ధతి కూడా చేస్తారా అని అడగండి. ఈ ప్రశ్న అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. పైన చెప్పిన మొజాయిక్ రకాలకు మాత్రం రక్తం ఇచ్చి లాభం లేదు, ఎందుకంటే మార్పు రక్తకణాల్లో ఉండదు. వైకల్యం ఉన్నచోటి నుంచే చిన్న ముక్క తీసి పరీక్షించాలి.

ఆరో మెట్టు: ఫలితం చదవడం

రిపోర్టులో పేథోజెనిక్, లైక్లీ పేథోజెనిక్ అన్న మాటలు వస్తే కారణం దొరికినట్టు. అప్పుడు ఆ రిపోర్టులో జన్యువు పేరు పక్కన 'సి' అక్షరం, చుక్క, ఆపైన అంకెలతో ఉండే వరుసను జాగ్రత్తగా దాచుకోండి. మీ కుటుంబానికి ఇకపై అది ఇంటి నంబరు లాంటిది. మిగతా బంధువులందరికీ పెద్ద ప్యానెల్ అక్కరలేదు, ఆ ఒక్క చోటు చూస్తే చాలు, ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. అలా తెలిసిన మార్పు కోసం చూసి లేదని వస్తే ఆ మనిషికి నిజంగానే లేదు, వారి పిల్లలకు పరీక్ష అవసరం లేదు.

వీయూఎస్ అని వస్తే అర్థం మార్పు కనిపించింది గాని అది చెడ్డదో కాదో ఇంకా తేలలేదని. దాని ఆధారంగా బంధువులకు జబ్బు ఉందనీ లేదనీ చెప్పకూడదు, పెళ్లిళ్లు అసలే ఆపకూడదు. ఒకటి రెండేళ్లకొకసారి మళ్లీ పరిశీలించమని ప్రయోగశాలను అడగవచ్చు. ప్రమాణాలన్నీ సరిపోయిన మనిషికి ఏమీ దొరకలేదని వస్తే జబ్బు లేదని కాదు, మనకు దొరకలేదని మాత్రమే. ఆ కుటుంబంలో బంధువులను స్కాన్‌లతోనే గమనించుకోవాలి.

మార్పు ఉన్నవారి ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం, ఆడ మగ తేడా లేదు. మొదటి బిడ్డకు వచ్చింది కనుక రెండో బిడ్డకు రాదన్న లెక్క చెల్లదు, ప్రతి కాన్పుకూ నాణెం కొత్తగా ఎగరేసినట్టే. మరి ఒకే మార్పు ఉన్న అన్నకు ఏడాదికి నాలుగు సీసాల రక్తం ఎక్కించవలసి వస్తూ, చెల్లెలికి ఎప్పుడో ఒకసారి ముక్కు కారడం ఏమిటి? పుట్టుకతో వచ్చిన మార్పు వల్ల ప్రతి కణంలోనూ ఆ జన్యువు తాలూకు రెండు ప్రతుల్లో ఒకటి చెడి ఉంటుంది. మిగిలిన మంచి ప్రతి కూడా ఏదో ఒక రక్తనాళపు కణంలో జీవితకాలంలో చెడినప్పుడు అక్కడ వైకల్యం మొలకెత్తుతుందని కేవర్నోమాల్లోనూ, ఆ తర్వాత హెచ్.హెచ్.టి. చుక్కల్లోనూ చూశారు. ఆ రెండో దెబ్బ ఎక్కడ పడుతుందో జన్యుపరీక్ష చెప్పలేదు. ఈఎన్‌జీ అయితే ఊపిరితిత్తులు, మెదడు ఎక్కువగా, ఏసీవీఆర్‌ఎల్1 అయితే కాలేయం ఎక్కువగా దెబ్బతింటాయన్నంత వరకే చెప్పగలం.

ఏడో మెట్టు: మార్పు ఉందని తేలినవారు చేయవలసినవి

ముక్కు సంగతి కన్నా ముందు ఊపిరితిత్తులు చూపించుకోండి, ఎందుకంటే అక్కడి ఏవీఎం ఏ బాధా పెట్టకుండా ఉండి ఒక్కసారిగా పక్షవాతమో మెదడులో చీముగడ్డో తెస్తుంది. మామూలుగా సిరల్లోని చిన్న గడ్డలను, సూక్ష్మజీవులను ఊపిరితిత్తుల కేశనాళికలు జల్లెడలా ఆపుతాయి, జల్లెడకు చిల్లి పడినప్పుడు అవి నేరుగా మెదడుకు పోతాయి. దీన్ని పట్టే పరీక్ష బబుల్ ఎకో. సెలైన్‌ను రెండు సిరంజీల మధ్య అటూ ఇటూ నెట్టి నురగలా చేసి చేతి సిరలోకి ఎక్కిస్తారు. తెర మీద గుండె కుడి గదులు తెల్లని బుడగలతో నిండుతాయి. కొన్ని స్పందనల తర్వాత ఎడమ గదుల్లో కూడా బుడగలు కనిపిస్తే ఊపిరితిత్తిలో అడ్డదారి ఉందని అర్థం, అప్పుడు సీటీ తీస్తారు. రక్తం తెచ్చే ధమని 2 నుంచి 3 మిల్లీమీటర్లు గాని ఆపైన గాని ఉంటే గజ్జల్లోని సిర గుండా సన్నని గొట్టం పంపి కాయిల్‌తోనో ప్లగ్‌తోనో మూసేస్తారు, పెద్ద ఆపరేషన్ కాదు.

ఊపిరితిత్తి ఏవీఎం ఉన్నవారు పన్ను పీకించుకునే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి. సెలైన్ ఎక్కించేటప్పుడు గొట్టంలో గాలిబుడగ వెళ్లకుండా ఫిల్టర్ పెట్టమనాలి, స్కూబా డైవింగ్ జోలికి పోకూడదు. పిల్లలను కనాలనుకునే ఆడవారు గర్భానికి ముందే ఈ పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే గర్భంలో ఈ వైకల్యాలు పెరిగి రక్తస్రావం కావచ్చు. మెదడుకు ఒకసారి ఎమ్మారై, ఏటా హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు చేయించుకోవాలి. స్మాడ్4 మార్పు ఉన్న కుటుంబాల్లో పెద్దపేగులో పాలిప్‌లు కూడా వస్తాయి కనుక 15 ఏళ్ల నుంచే కొలొనోస్కోపీ మొదలుపెడతారు. కాలేయంలో ఏవీఎంలు ఉన్నవారికి అక్కడ బయాప్సీ సూది గుచ్చడం ప్రమాదకరం, ఆ మాట ఏ డాక్టరు అన్నా హెచ్.హెచ్.టి. ఉందని ముందే చెప్పండి.

ముక్కు విషయానికి వస్తే, రక్తం కారుతున్నప్పుడు తల వెనక్కి వాల్చడం మన ఇళ్లలో తరాల అలవాటు, అది మానేయాలి. కూర్చుని కాస్త ముందుకు వంగి, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. రోజూ సెలైన్ చుక్కలో జెల్లో వాడి లోపలి పొరను తడిగా ఉంచుకోవాలి. మా పెదనాన్నగారికి ఒక ఆస్పత్రిలో పొడి గాజుగుడ్డ దట్టించి రెండు రోజుల తర్వాత లాగేసరికి, అంటుకున్న పొర కూడా ఊడివచ్చి మొదటికన్నా ఎక్కువ రక్తం పోయింది. దానంతటదే కరిగిపోయే రకం గాని, జిడ్డు రాసిన మెత్తని రకం గాని పెట్టమని ఈఎన్‌టీ డాక్టరును అడిగే హక్కు మీకుంది. రక్తం ఆపడానికి ముక్కు లోపల పదేపదే కాల్చడం కూడా ముక్కు మధ్యగోడకు చిల్లి తెస్తుంది. ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు, తీవ్రంగా ఉన్నవారికి బెవాసిజుమాబ్ ఇంజెక్షన్లు ఇప్పుడు వాడుతున్నారు.

ఎనిమిదో మెట్టు: బంధువులకు చెప్పడం

ఇది అన్నిటికన్నా కష్టమైన మెట్టు. ఆడపిల్లకు సంబంధాలు రావేమోనని రిపోర్టు బీరువాలో పెట్టి తాళం వేసే ఇళ్లు ఉన్నాయి. ఆ భయం ఉత్తదేమీ కాదు గనుక వారిని తప్పుపట్టను. కాని ఊపిరితిత్తి ఏవీఎం ఉన్న సంగతి తెలియక ఆ పిల్లే రేపు కాన్పులో ప్రమాదంలో పడవచ్చన్నది దాని పక్కన పెట్టి చూడాలి. ఫోనులో అరకొరగా చెప్పడం కన్నా ఒక పేజీ ఉత్తరం రాయండి: జబ్బు పేరు, జన్యువు పేరు, ఆ ఇంటి నంబరు లాంటి వరుస, చేయించవలసిన పరీక్ష, కౌన్సెలర్ ఉన్న ఆస్పత్రి. రోగి పేరు ఉండాలా వద్దా అన్నది వారినే అడగండి. అమెరికాలో ఉన్న అన్నదమ్ముల పిల్లలకు రిపోర్టు నకలు కూడా పంపండి, అక్కడ హెచ్.హెచ్.టి.కి ప్రత్యేక కేంద్రాలున్నాయి, ఆ వరుస చేతిలో ఉంటే వారి పని సులువు. గర్భస్థ పరీక్ష కావాలనుకునే దంపతులు అది జన్యుజబ్బుల కోసం నమోదైన కేంద్రాల్లో చట్టప్రకారమే జరుగుతుందనీ, లింగనిర్ధారణ మాత్రమే 1994 నాటి చట్టం కింద నిషిద్ధమనీ తెలుసుకోవాలి.

పరీక్ష వద్దనేవారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా ఇంట్లో పెదనాన్నగారి చిన్నకొడుకు అలాగే భీష్మించాడు: తెలిసి ఏం చేయాలి, తెలియకపోతే హాయిగా ఉంటాను అని. జన్యుపరీక్ష చేయించుకోకుండానే బబుల్ ఎకో చేయించుకోవచ్చు అన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పిన నెలకు ఎకోకు మాత్రం వెళ్లివచ్చాడు. ఎడమ గదుల్లో బుడగలు లేవు. వంశపటం మీద అతని చతురస్రాన్ని పెన్సిలు గీతగానే వదిలేసి, పక్కన ఎకో తేదీ రాశాం.